తిన్నింటి వాసాలు

భోజనమయ్యాక మండువా పక్కన చాప వేసుకుని వెల్లకిలా పడుకుంటే పెద్దమ్మ పట్టేసింది. "ఏరా, తిన్నింటి వాసాలు లెక్కెడుతున్నావా?" అంది, తమలపాకులకు ఈనెలు తీస్తూ. ఆవిడ సామెతకు అన్నది గానీ నేను నిజంగానే లెక్కపెడుతున్నాను. తూర్పు వసారాలో మొదలుపెట్టి, దక్షిణానికి తిరిగే మూల దగ్గరికొచ్చేసరికి లెక్క తప్పింది. మళ్లీ మొదటికొచ్చాను. మళ్లీ అక్కడే తప్పింది. మూడోసారికి తెలిసింది, మతిమరుపు నాది కాదని. ఆ మూలలో వడ్రంగి చేసిన పని అలాంటిది.

ఊరు కోనసీమలో, గౌతమికీ వైనతేయకూ నడుమ. ఊరి పేరు రాయొద్దని పెద్దమ్మ మాట తీసుకుంది. "రాశావంటే సినిమావాళ్లొచ్చి కూచుంటారు. వాళ్లకి కాఫీలు పెట్టే ఓపిక నాకు లేదు."

మండువా లోగిలి గురించి గోదావరి జిల్లాలవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంటి నడుమ ఆకాశం, చుట్టూ నాలుగు వసారాలు, వాటి వెనక గదులు. నాలుగు వైపుల పెంకుటికప్పూ లోపలికే వాలి ఉంటుంది కాబట్టి వాన వీధిలోనే కాదు, ఇంటి మధ్యలోనూ పడుతుంది. ఆ నీళ్లు పల్లంగా ఉన్న మండువాలోకి దిగి, తూము గుండా పెరట్లోకి పోతాయి. పండగకు ఫొటోలు దిగేవాళ్లకు ఇంతే కనబడుతుంది, ఇంతే చాలు కూడా. నేను చెప్పదలచుకున్నది ఆ నాలుగు కప్పులు కలుసుకునే నాలుగు లోమూలల సంగతి.

మామూలు ఇంటి కప్పులో రెండు వాలులు కలిసేచోటు నెత్తి మీద ఉంటుంది. నీళ్లు అక్కడి నుంచి చెరో వైపూ విడిపోతాయి. మండువాలో అలా కాదు. తూర్పు కప్పు, దక్షిణపు కప్పు కలిసేచోటు ఒక లోయ. రెండు కప్పుల నీళ్లూ ఆ లోయలోకే దిగుతాయి, రెండు కప్పుల బరువూ దానికింద ఉన్న ఒక్క మూల దూలం మీదే పడుతుంది. ఇల్లు చెడడం అంటూ మొదలైతే అక్కడే మొదలవ్వాలి. అందుకే వాసాలన్నీ మూలకు వచ్చేకొద్దీ పొట్టివవుతూ వచ్చి, ఆఖర్న జానెడు తునకలై ఆ దూలంలోకి దూరిపోతాయి. ప్రతి వాసం చివరా రెండు వాలుల్లో కోయాలి. కప్పు వాలు ఒకటి, మూల ఏటవాలు మరొకటి. రెండూ ఒకే రంపపు కోతలో రావాలి. కోత కోణం అన్నిటికీ ఒకటే, పొడవు మాత్రం ఏ ఒక్కదానికీ మరోదానితో కలవదు. తూర్పు వాసాలెక్కడ ఆగాయో, దక్షిణపు వాసాలెక్కడ మొదలయ్యాయో కంటికి తెలియకపోవడానికి కారణం, రెండు వైపులవీ దూలం మీద ఎదురెదురుగా ముక్కుకు ముక్కు ఆనించినట్టు కలవడమే. సందు లేదు. చెమ్మ మరక లేదు.

ఆ ఊళ్లో మిగిలిన పాత వడ్రంగుల్లో ఒకాయనకు ఎనభై దగ్గర పడ్డాయి. చూపు తగ్గింది గానీ వేలు పెట్టి తడిమితే ఏ కొయ్యో చెప్పేస్తాడు. ఆయన్ని తీసుకొచ్చి ఆ మూల చూపించి, ఇది ఎలా కోస్తారు మేస్త్రి గారూ అని అడిగాను.

"ఆయ్, ఇది కాయితం మీద ఉండదండి బాబూ. మా తాత నేల మీద సుద్దతో గీసేవోడంట. ఇల్లెంతో గీత అంత. ఆ గీత మీద వాసం పడుకోబెట్టి గుర్తెట్టుకుని కోసేవోరు. కప్పు లేచిపోయాక ఆ గీత మీదే అందరూ తిరిగేవోరండి. చెరిగిపోయేది."

ఎన్ని ఇళ్ల లెక్కలు అలా నేల మీద గీసి, తొక్కి, పేడనీళ్లతో అలికేశారో.

చూడ్డానికొచ్చినవాళ్లు మాత్రం సింహద్వారం దగ్గరే ఆగిపోతారు. పైకమ్మి మీద గజలక్ష్మి, అటూ ఇటూ చిలకలు, తలుపు రెక్కల మీద ఇత్తడి గుబ్బలు. బాగుంటుంది, కాదనను. కానీ నా మట్టుకు నాకు ఆ చెక్కడం కొంచెం ఎక్కువ పొగడ్త సంపాదించుకుందనిపిస్తుంది. అది వీధిలో పోయేవాడికి యజమాని తన గొప్ప చెప్పుకోవడం. వడ్రంగి తన గొప్ప చెప్పుకున్నది ఎవరికీ కనబడని చోట. స్తంభం నేలను తాకదు, దానికింద గుండ్రని రాతి పీట ఉంటుంది. నేల చెమ్మ, చెద రెండూ అక్కడ ఆగిపోతాయి. స్తంభం తలమీద దూలం కూర్చునేచోట ఇనుప మేకు లేదు. ఒక కొయ్యకు నాలుకలా చెక్కి, రెండోదానికి దానికి సరిపడే తొర్ర తొలిచి, రెంటినీ కలిపి అడ్డంగా కొయ్య చీల దిగ్గొట్టారు. ఇందులో ఒక కిటుకుందని మేస్త్రి చెప్పేదాకా నాకు తెలియదు. తొర్రలో బెజ్జం, నాలుకలో బెజ్జం సూటిగా కలవకూడదట. "నూలుపోగంత తేడా ఉండాలండి. అప్పుడు చీల దిగేకొద్దీ నాలుకని లోపలికి లాగుద్ది. సూటిగా పెడితే నాలుగేళ్లకి ఊగుద్దండి ఇల్లు."

తప్పు కావాలని చేసి, ఆ తప్పుతోనే బిగింపు తెచ్చుకోవడం. అంతకన్నా పెద్ద పనితనం ఈ ఇంట్లో నేను చూడలేదు.

ఇంత టేకు కొనే డబ్బు ఎక్కడిది? ఇది నదిని అడగాల్సిన ప్రశ్న. నందన నామ సంవత్సరపు కరువు, అంటే 1832-33, నాటికి ఈ నేల మీద ఇలాంటి ఇల్లు కట్టగలిగిన రైతు అరుదు. గోదావరి పక్కనే పారుతున్నా పొలాలు ఎండేవి, లేదా మునిగేవి. 1847లో ఆర్థర్ కాటన్ పని మొదలుపెట్టాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు తునకలుగా, పన్నెండడుగుల ఎత్తున, అంతా కలిపి రెండుంబావు మైళ్ల పొడవున ఆనకట్ట 1852కల్లా నిలబడింది. అది కట్టడంలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న పేరు కూడా డెల్టావాళ్లు మరిచిపోకూడదు. కాలవ నీళ్లు పది లక్షల ఎకరాల దాకా చేరాయి. ఆ కాలవల్లోనే పడవలూ నడిచాయి. ధాన్యం వెళ్లింది, డబ్బు వచ్చింది. భద్రాచలం పైనున్న అడవుల నుంచి కలప తెప్పలుగా కట్టి గోదావరిలో వదిలితే రాజమండ్రి ఒడ్డుకు చేరేది. ఇంకా స్తోమత ఉన్నవాళ్లకు సముద్రం దాటి బర్మా టేకు వచ్చేది.

ఇక్కడొక మాట చెప్పకుండా దాటిపోతే అన్యాయం. రంగం వెళ్లడం అని మన పెద్దవాళ్లు అనేవారు, రంగూన్‌కు కూలికెళ్లడం. కోరంగి రేవు నుంచీ కాకినాడ నుంచీ వేలమంది వెళ్లారు. అక్కడ తెలుగువాళ్లందరికీ కోరంగీలనే పేరు పడింది. రేవుల్లో మూటలు మోశారు, బియ్యపు మిల్లుల్లో చేశారు, రిక్షాలు లాగారు. 1942లో జపాన్ బర్మా మీద పడ్డప్పుడు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చినవాళ్లు వచ్చారు, రాలేనివాళ్లు దారిలో పోయారు. రంగం వెళ్లింది ఒకరు, రంగం కలప వచ్చింది మరొకరి ఇంటికి. ఈ స్తంభాల నున్నదనాన్ని మెచ్చుకుంటూ చెయ్యి వేసినప్పుడల్లా అది గుర్తొస్తుంది. ఇంకోటి కూడా. ఈ టేకు మోసినవాళ్లలో చాలామందికి పని పూర్తయ్యాక వీధి అరుగు దాటి లోపలికి వచ్చే వీల్లేదు.

ఈ ఇంట్లో జనం ఎంతమంది ఉండేవారో తెలుసుకోవడానికి జనాభా లెక్కల పుస్తకం అక్కర్లేదు. గదుల్లో దూలాలకు ఇనుప కొక్కేలున్నాయి, ఉయ్యాలలు కట్టడానికి. ఉత్తరపు గదిలో కొక్కెం లోపలి అంచు సగానికి అరిగిపోయింది. తాడు ఒరుసుకుని ఒరుసుకుని దూలానికే గాడి పడింది. ఆ గదిలో నలుగురు అన్నదమ్ముల పిల్లలు ఒకరి తరవాత ఒకరు ఊగారు. పడమటి గదిలో కొక్కెం అంతగా అరగలేదు. తూర్పు గదిలోది కొత్తగానే ఉంది, రంగు వేసి ఉంది. ఆఖరి ఉయ్యాల మా తరంలోదే.

లెక్కల పుస్తకమూ అదే చెబుతోంది లెండి. 2001లో పశ్చిమ గోదావరి జనాభా 38,03,517. 2011 నాటికి 39,36,966. పదేళ్లలో నూటికి మూడున్నర పెరుగుదల. తూర్పు గోదావరిలో ఐదుకు కాస్త పైన. అదే పదేళ్లలో దేశం మొత్తం మీద నూటికి పదిహేడు పైచిలుకు పెరిగింది. రెండు జిల్లాల్లోనూ వెయ్యిమంది మగవాళ్లకు వెయ్యి దాటే ఆడవాళ్లు ఉన్నారు. బయటికి పోయినవాళ్లలో మగవాళ్లు ఎక్కువ కావడం దానికి ఒక కారణమని నా ఊహ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. ఇద్దరికన్నా ఎక్కువమంది పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను 2024లో ప్రభుత్వమే ఎత్తేసింది, ఇంకా కనండి బాబూ అన్నట్టు. ఉత్తరపు గది కొక్కెం ఆ మాట వినుంటే ఏమనుకునేదో.

జనం తగ్గడం ఒక్కసారిగా జరగలేదు. పెద్దతాత తమ్ముళ్లలో ఒకాయన నిజాంసాగర్ కట్టాక, 1930ల్లో, ఇక్కడి రెండెకరాలు అమ్మి అక్కడ పదెకరాలు కొనుక్కుని వర్ని వైపు వెళ్లిపోయాడు. ఇంకొకరి కొడుకులు తుంగభద్ర కాలవ వెంట సింధనూరు దగ్గర క్యాంపులో స్థిరపడ్డారు. కన్నడ సీమలో ఇప్పటికీ సంక్రాంతికి గోదావరి జిల్లా అరిసెలు వండుతారు వాళ్లింట్లో. ఆ తరవాతి తరం చదువుకు పోయింది. కాకినాడలో ఇంజనీరింగ్ కాలేజీ 1946లో వచ్చింది, రంగరాయ మెడికల్ కాలేజీ 1958లో. అమెరికా 1965లో వలస చట్టం సడలించాక డాక్టర్లు ముందు వెళ్లారు. ఇంజనీర్లు తరవాత, తొంభైల నుంచి తండోపతండాలుగా.

ఒక్కొక్కరు వెళ్లినప్పుడల్లా ఈ ఇల్లు ఎలా సర్దుకుందో చూడాలి. గాదెనే చూడండి. ధాన్యం పోసే ఆ కొయ్య గదికి తలుపు ఉండదు. నిలువు గాడిలో అడ్డపలకలు ఒకదాని మీద ఒకటి దించుతారు. ధాన్యం తగ్గేకొద్దీ పై నుంచి ఒక్కో పలక తీసేస్తారు. ఏ పలక తరవాత ఏదో తెలియడానికి ప్రతి పలక అంచునా ఉలితో గాట్లు పెట్టారు. ఒక గాటు, రెండు గాట్లు, మూడు. అక్షరం రానివాడు కూడా చీకట్లో వేలితో తడిమి పెట్టగలిగే లెక్క. పెద్దనాన్న కాకినాడలో చదివే రోజుల్లో ఆ గాదె ఖాళీ అయింది, ధాన్యం మిల్లుకే నేరుగా పోతోంది కాబట్టి. పలకలు తీసి, అదే గాడిలో దూరం దూరంగా అమర్చి పుస్తకాల అర చేసుకున్నారు. ఒక్క పలకా కోయలేదు, ఒక్క మేకూ కొట్టలేదు. నాలుగు గాట్ల పలక మీద ఇప్పటికీ లోనీ త్రికోణమితి ఉంది, చెదపురుగు తినని ఏకైక పుస్తకం అదే.

నేల కూడా ఒక ఖాతా పుస్తకం. మండువా చుట్టూ గానుగ సున్నపు గచ్చు, కరక్కాయ, బెల్లం కలిపి రుబ్బి, గులకరాయితో రుద్ది మెరిపించింది. కాళ్లకు చల్లగా ఉంటుంది. తూర్పు వైపు ఎర్ర గచ్చు, వాటాలు పంచుకున్నాక వేయించింది. వంటింట్లో కడప బండలు, గ్యాస్ పొయ్యి వచ్చిన కాలానివి. ఉత్తరపు వాటాలో మొజాయిక్, ఒక పిల్ల పెళ్లికి ముందు హడావుడిగా. పడమట టైల్స్, అమెరికా నుంచి డబ్బొచ్చిన మొదటి వేసవిలో. ఆదాయం పెరిగినకొద్దీ జారిపడే ప్రమాదం పెరిగిందని పెద్దమ్మ అంటుంది. ఆవిడ తుంటి ఎముక విరిగింది ఆ టైల్స్ మీదే.

పంపకాల్లో మండువాకు అడ్డంగా ఒక గోడ లేచింది. ఒక రూపాయి మందాన కూడా ఎక్కువ తక్కువ కాకుండా. ఆకాశాన్ని కూడా పంచుకున్నారు. 1973 భూపరిమితి చట్టం భయానికి చాలా ఇళ్లలో కాగితం మీద పంపకాలు జరిగాయి. 1985 నుంచి ఆడపిల్లలకూ వాటా వచ్చాక నిజం పంపకాలు జరిగాయి. ఒక తలుపు తీసి మరోచోట పెట్టాల్సివస్తే వడ్రంగి వచ్చి చీలలు వెనక్కి తట్టి, ద్వారబంధం మొత్తాన్ని ఒక్క గీత పడకుండా ఊడదీసి కొత్తచోట నిలబెట్టేవాడు. ఇల్లు కట్టినవాడు ఇల్లు విప్పడం కూడా ఊహించే కట్టాడు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమను ఊడ్చేసింది. కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. ఈ ఇంటి పెంకులు ఎగిరిపోయి పక్కింటి పెరట్లో పడ్డాయి. కానీ తెల్లారి చూస్తే దూలాలూ వాసాలూ మూలలూ ఉన్నచోటనే ఉన్నాయి, చర్మం ఒలిచిన అస్థిపంజరంలా. కొత్త పెంకులు కప్పితే ఇల్లు మళ్లీ ఇల్లయ్యేదే. ఉత్తరపు వాటావాళ్లు అంత ఆగలేదు, వసారా కొయ్యంతా దించేసి స్లాబు వేయించారు. తప్పు పట్టలేను. ఆ రాత్రి మంచం కింద దూరి గడిపినవాళ్లకు పెంకుల మీద నమ్మకం మిగలదు.

భూమి మీది ఆదాయమూ మారిపోయింది. పొలం ఇప్పుడు కౌలుకిచ్చారు. చేసేవాడొకడు, పాసు పుస్తకం మరొకరిది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేల ఎకరాలు బీడు పెట్టినప్పుడు ఈ ఇంట్లో ఎవరికీ పూట గడవడం మీద బెంగ పడలేదు. అదే నాకు అన్నిటికన్నా పెద్ద మార్పనిపిస్తుంది. వరి మీద కట్టిన ఇల్లు వరిని పట్టించుకోవడం మానేసింది. అటు భీమవరం, ఆకివీడు వైపు వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. 1990ల్లో టైగర్ రొయ్య లేపింది, తెల్లమచ్చ తెగులు పడగొట్టింది, 2009 తరవాత వనామీ మళ్లీ లేపింది. ఆ డబ్బుతో లేచిన భవంతుల గురించి రాయాలంటే వేరే వ్యాసం కావాలి, వేరే ఓపిక కావాలి.

పెద్దమ్మ మనవలు ఉండేది ఫ్రిస్కోలో, డాలస్‌కు ఉత్తరాన. రెండేళ్ల కిందట నేనూ వెళ్లాను. ఆ ఊరు 2000లో 33,714 మంది. 2020లో 2,00,509. మన జిల్లా పదేళ్లలో నూటికి ఐదు పెరగడానికి ఆయాసపడితే, అది ఇరవయ్యేళ్లలో ఆరింతలైంది. గడ్డిభూములూ పశువుల మేతబీళ్లూ ఇళ్ల వరసలయ్యాయి. సగటు కుటుంబం ఏడాదికి లక్ష డాలర్లు దాటి సంపాదించే ఊరు. కార్యసిద్ధి హనుమాన్ గుడికి శనివారం వెళితే పార్కింగులో రావులపాలెం యాసా వినబడుతుంది, తణుకు యాసా వినబడుతుంది. 2010కీ 2017కీ మధ్య అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు నూటికి 86 వంతున పెరిగారు, అక్కడ ఏ భాషా అంత వేగంగా పెరగలేదు. మన ఉత్తరపు గది కొక్కెం అరగడం ఎక్కడ ఆగిందో అక్కడ కొనసాగుతోందన్నమాట, ఉయ్యాల మాత్రం బ్యాటరీతో ఊగుతుంది.

వాళ్ల వీధి చివర ఇంకో ఇల్లు కడుతుంటే రోజూ వెళ్లి నిలబడేవాణ్ణి. అదీ కొయ్య ఇల్లే! పైన్ చెక్క నిట్రాళ్లు, పదహారేసి అంగుళాల ఎడంలో. వాటిని రెండు-నాలుగు అంటారు గానీ కొలిస్తే ఒకటిన్నరకు మూడున్నర అంగుళాలే. చిత్రికలో పోయిన భాగానికీ పేరు నిలిచి ఉంది. కప్పు త్రికోణాలు ఫ్యాక్టరీలో తయారై లారీ మీద వస్తాయి, పళ్లున్న ఇనుప రేకు నొక్కి కీళ్లు బిగిస్తారు. నాలుగైదుగురు మెక్సికన్ కుర్రాళ్లు మేకుల తుపాకీతో వారంలో అస్థిపంజరం నిలబెట్టేశారు. వాళ్లలో ఒకడు కప్పు మూల దగ్గర, అదే రెండు వాలుల కోత, పెన్సిలు గీసుకోకుండా కరెంటు రంపంతో కోసి ఒక్క దెబ్బకు కూర్చోబెట్టాడు. అబ్బ అనుకున్నాను. చప్పట్లు కొట్టబోయి సిగ్గుపడ్డాను. నెల తిరిగేసరికి ఆ పనంతా జిప్సం పలకల వెనక్కి పోయింది. కొన్నవాళ్లు తూర్పు ముఖం ఇల్లని మురిసిపోయారు, కింద గదిలో అమ్మానాన్నలు ఆరు నెలలకొకసారి వచ్చి ఉండే ఏర్పాటు చేసుకున్నారు. ఆ ఇంట్లో అన్నం తిన్నవాడెవడూ వాసాలు లెక్కపెట్టలేడు. కనబడవు.

మళ్లీ మన ఊరికి వద్దాం. పేటలో ఇప్పుడు డాబాలు లేచాయి. గులాబీ, నీలం, పచ్చ. మెట్లకు స్టీలు కడ్డీలు, గేటు మీద నెమళ్లు. అవి కువైట్ డబ్బుతో కట్టినవి. ఈ మండువా వాకిలి ఊడ్చినవాళ్ల మనవరాళ్లు కువైట్‌లో, మస్కట్‌లో ఇళ్లు ఊడ్చి పంపిన దీనార్లతో, రియాళ్లతో. తాతలు అరుగు దాటి లోపలికి రాలేనివాళ్లు. ఆ డాబాల రంగులు చూసి ముక్కు విరిచేవాళ్లను నేను చాలామందిని చూశాను, నేనూ ఒకప్పుడు విరిచాను. దగ్గరగా వెళ్లి చూడండి. ముందు వైపు స్తంభం లేకుండా గాల్లోకి ఐదడుగులు చాపిన స్లాబు, అంచున ఎక్కడా బీట లేదు. ఇనుము ఎక్కడ వంచాలో, పైన వేయాలో కింద వేయాలో తెలిసిన మేస్త్రి కట్టాడు. ఆయన ఎవరో కనుక్కుంటే, మా పాత వడ్రంగి మేనల్లుడే. ఉలి వదిలి ఇనుప కడ్డీ పట్టాడు. ఆ ఇళ్లల్లో కూడా ఉండేది ముసలి తల్లీ, బడికెళ్లే పిల్లలూ. కట్టించినావిడ రెండేళ్లకోసారి నెల రోజులకు వస్తుంది.

నిరుడు మాఘంలో పడమటి వాటా అమ్మేశారు. స్థలం కాదు, కొయ్య. పాత ఇళ్ల సామాను కొనే వ్యాపారి వచ్చి స్తంభాలకు, ద్వారబంధానికి, తలుపులకు విడివిడిగా ధర కట్టాడు. హైదరాబాదు శివార్లలో ఎవరిదో ఫామ్‌హౌస్‌కట. అమ్మినవాళ్లు ఫోన్లో సంతకం పెట్టారు. పెద్దమ్మ ఏమీ అనలేదు, రెండు రోజులు మాత్రం పడమటి వైపు కిటికీ మూసుకుని కూర్చుంది. విప్పడానికి ఇంకెవరూ దొరక్క మా మేస్త్రినే పిలిచారు. ఆయన కుర్చీలో కూర్చుని చెబుతుంటే కుర్రాళ్లు చీలలు వెనక్కి తట్టారు. నూరేళ్ల దగ్గర పడ్డ బిగింపు, మూడు దెబ్బలకు వదిలింది. దూలం లేచి నాలుక బయటికి వచ్చినప్పుడు పైనంతా నల్లబడ్డ కొయ్య లోపల తేనెరంగులో ఉంది. వాసన కొత్త టేకుదే. ఆ నాలుక పక్కన ఉలి గాట్లు, మూడు నిలువు, ఒకటి ఏటవాలు. స్తంభం తల మీదా అవే గాట్లు. గాదె పలకల మీది లెక్కే. ఏ దూలం ఏ స్తంభం మీద కూర్చోవాలో, కట్టే రోజున తికమక పడకుండా పెట్టుకున్న గుర్తు. పైన దూలం కూర్చున్నాక ఇక ఎవరికీ కనబడదు.

మేస్త్రి వేలితో తడిమి, "మా తాత చెయ్యండి" అన్నాడు. అవునో కాదో నాకు తెలియదు, ఆయనకు తెలిసి ఉండొచ్చు. ఆ గాట్ల పక్కనే సుద్దముక్కతో మూడు అంకె వేయించాడు, అవతల మళ్లీ నిలబెట్టేవాడికి.

వ్యాపారి పొడుగు వాసాలు తీసుకున్నాడు. లోమూల దగ్గరి పొట్టివాటిని పక్కకు తోసేశాడు, ఏ ఇంటికీ పనికిరావని. ఆ ఒక్క మూలకు కొలిచి కోసినవి కాబట్టి నిజంగానే పనికిరావు. జానెడు దగ్గర మొదలై నాలుగు మూరల దాకా, ఒక్కోదాని చివరా ఆ రెండు వాలుల కోత, ఇప్పుడు పగటి వెలుతుర్లో మొదటిసారి.

"పొయ్యిలోకి పట్టుకుపొమ్మంటారా అమ్మగారూ?" అని ఒక కుర్రాడు అడిగాడు.

"వద్దు. అటకెక్కించండి" అంది పెద్దమ్మ లోపలి నుంచి.

మేస్త్రి వాటిని పొడవు వరసన పేర్చి కొబ్బరి తాడుతో కట్ట కట్టాడు. నేను లెక్కపెట్టాను. పదకొండు.